తుంటి ఎముక విరిగాక నేను మళ్ళీ లేచి నిలబడిన సంగతి

నాకు 77 ఏళ్ళు. పోయినేడాది తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యింది, ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాను. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే మా చుట్టాల్లో గానీ వీధిలో గానీ పెద్దవాళ్ళెవరికి తుంటి విరిగినా ఇంట్లోవాళ్ళు మొట్టమొదట అనే మాట "ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటుందా" అనే. నా విషయంలో కూడా అదే అన్నారు. కానీ నన్ను చూసిన డాక్టర్లలో ఒకాయన, ముసలివాళ్ళ వైద్యం ప్రత్యేకంగా చదువుకున్న జీరియాట్రిక్ డాక్టరు గారు, వయసు గురించి ఒక్క మాట కూడా అడగలేదు, ఆయన అడిగినవన్నీ వేరే.

మాది శ్రీకాళహస్తి. తెల్లవారుజామున బాత్రూమ్‌కని మంచం మీంచి గబుక్కున లేచేసరికి కళ్ళు తిరిగి గడప దగ్గర కుడిపక్కకి పడిపోయాను. కాలు కదపబోతే ప్రాణం పోయినట్టయింది, కిందికి చూసుకుంటే ఆ కాలు రెండోదాని కన్నా పొట్టిగా అయిపోయి పాదం బయటికి తిరిగిపోయి ఉంది. ఇది తుంటేనని నాకప్పుడే తెలిసిపోయింది, ఎందుకంటే మా వదినకి కూడా అచ్చం ఇలాగే అయింది.

పొద్దెక్కేసరికి ఇంటినిండా జనం. పుత్తూరు దగ్గరే కదా కట్టు కట్టించుకొద్దాం అని మా తమ్ముడు, మంచం మీదే పెట్టి చూసుకుందాంలే అని ఇంకొకరు. పుత్తూరు కట్టుతో చెయ్యో ముంజేయో బాగయినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి వాళ్ళలా అనడంలో తప్పేం లేదు. మా అబ్బాయి మాత్రం ముందు ఎక్స్‌రే తీయిద్దాం అని అంబులెన్స్ పిలిచి తిరుపతికి తీసుకెళ్ళాడు. ఎక్స్‌రేలో తొడ ఎముక పైన బంతిలా ఉంటుందే, దాని కింద మెడ దగ్గర విరిగింది. ఆ బంతికి రక్తం ఎక్కువగా ఆ మెడ మీదుగానే వెళ్తుందట, మెడ విరిగి పక్కకి జరిగితే రక్తం అందక బంతి పాడైపోతుంది, పైగా అది లోపల కీలులో ఉంటుంది కాబట్టి బయట ఎంత గట్టిగా కట్టు కట్టినా పట్టదు అని ఎముకల డాక్టరు ఫిల్మ్ మీద వేలుపెట్టి చూపించారు. బంతి తీసేసి లోహం బంతి పెడతారు, సగం కీలు మార్చడం అన్నమాట.

మా అబ్బాయి భయపడుతూనే అడిగాడు, చెయ్యకపోతే ఏమవుతుంది సార్ అని. అందరూ అడగాల్సిన ప్రశ్న అదే. ఆపరేషన్ చెయ్యకపోవడమే సేఫ్ అనుకుంటాం, అది నిజం కాదు. మంచాన పడితే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, వీపు కింద పుళ్ళు పడతాయి, కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది, పక్కకి తిప్పిన ప్రతిసారీ నరకం. అందుకే ఇక ఎక్కువ రోజులు బతకరు అని తెలిసినవాళ్ళకి కూడా కొన్నిసార్లు నొప్పి తగ్గడం కోసమే ఈ ఆపరేషన్ చేస్తారట.

ఇక ఆ జీరియాట్రిక్ డాక్టరు గారి ప్రశ్నలు. "అమ్మా, ఈరోజు సంగతి వదిలెయ్యండి, రెండు వారాల కింద మీరెలా ఉండేవారో చెప్పండి" అన్నారు. స్నానం మీరే చేసేవారా, బజారుకి ఒక్కరే వెళ్ళేవారా, పెన్షన్ డబ్బులు, బ్యాంకు పని ఎవరు చూస్తారు, మాత్రలు గుర్తుపెట్టుకుని వేసుకుంటారా, మెట్లెక్కితే ఆయాసమా, ఈ ఏడాదిలో బరువు తగ్గారా. స్నానం, బట్టలు నేనే అని చెప్పాను. బ్యాంకు పని అబ్బాయి, మాత్రలు కోడలు డబ్బాలో సర్ది ఇస్తుంది. మా ఆయన పోయినప్పటినుంచి రాత్రి రెండు ముద్దలు మజ్జిగన్నం తప్ప తినబుద్ధి కాదు, జాకెట్లన్నీ వదులైపోయాయి అని అదీ చెప్పాను. చేత్తో గట్టిగా పిండమని ఒక మిషన్ ఇచ్చారు, అందులో నంబర్ తక్కువే వచ్చింది.

దీన్ని ఫ్రెయిల్టీ అంటారట. వంట్లో నిల్వ ఉండే బలం తగ్గిపోయి చిన్న దెబ్బ తగిలినా తేరుకోలేకపోవడం. కెనడాలో రాక్‌వుడ్ అనే డాక్టరు, ఆయన టీమ్ 2005లో ఒక స్కేల్ పెట్టారు, అందులో ఇప్పుడు 1 నుంచి 9 దాకా ఉంటుంది, 1 అంటే బాగా గట్టిగా ఉన్నవాళ్ళు, 7 అంటే అన్నిటికీ ఇంకొకరి మీద ఆధారపడేవాళ్ళు, 9 అంటే చివరి దశలో ఉన్నవాళ్ళు. నాకు 5 వేశారు. నంబర్ పెరిగేకొద్దీ ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ పెరుగుతాయి, కానీ ఆపరేషన్ చెయ్యొద్దు అని చెప్పడానికి కాదమ్మా ఈ నంబరు, మీకు ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో ముందే తెలుసుకోడానికి అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ ధైర్యమే.

మా వదిన నాకన్నా నాలుగేళ్ళు చిన్నది. అందరూ ఆమెకేం చిన్న వయసే అన్నారు. కానీ పడకముందే గోడ పట్టుకుని నడిచేది, స్నానానికి మనిషి కావాలి, చీర కట్టుకుంటే చీరే కనపడేది గానీ మనిషి కనపడేది కాదు. ఇంట్లో అటా ఇటా తేల్చుకోలేకపోయారు, తర్వాత బీపీ అన్నారు, గుండె పరీక్షలన్నారు, ఆపరేషన్ చాలా ఆలస్యమైంది. ఆపరేషన్ బాగానే జరిగింది, ఎక్స్‌రే కూడా బ్రహ్మాండంగా ఉంది, ఆమె మాత్రం మళ్ళీ మంచం దిగలేదు, ఏడాది తిరక్కుండానే పోయింది. తుంటి విరిగిన పెద్దవాళ్ళలో ఏడాదిలోపు ఐదుగురిలో ఒకరు, కొన్నిచోట్ల ముగ్గురిలో ఒకరు పోతారని తర్వాత మా మనవరాలు చెప్పింది. మా వదిన లాగా ముందే నీరసించి ఉన్నవాళ్ళే అందులో ఎక్కువ. ఆమెకి ఎవరైనా ముందే ఈ నంబర్ వేసి చూసి ఉంటే అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

నాకైతే ఆసుపత్రిలో చేరిన మర్నాడే ఆపరేషన్ చేశారు. అంతకుముందే గజ్జ దగ్గర నరానికి మత్తు సూది వేశారు, దానితో నొప్పి చాలావరకు పోయింది, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు ఎక్కువ ఇస్తే పెద్దవాళ్ళకి మగతగా, అయోమయంగా ఉంటుందట. నడుముకి మత్తిచ్చి చేశారు. ఆపరేషన్ గురించి ఇంకేం చెప్పను, నాకు గుర్తున్నది చలి ఒక్కటే.

ఆ రాత్రి మాత్రం చెప్పాలి. నేను గూడూరులో మా అమ్మ వాళ్ళింట్లో ఉన్నాననుకున్నాను, గోడమీద ఎవరో పాకుతున్నారని అరిచాను, నన్ను కూతురిలా చూసుకునే కోడల్ని దొంగ అని తిట్టానట. పొద్దున కాస్త తేలిక, మళ్ళీ సాయంత్రమయ్యేసరికి మొదలు. అమ్మకి మతి పోయింది అని మా అబ్బాయి ఏడ్చేశాడు. అది పిచ్చి కాదు, డెలీరియం అంటారు, తుంటి విరిగినవాళ్ళలో చాలామందికి వస్తుంది. నర్సమ్మ నా కళ్ళజోడు పెట్టింది, చెవి మిషన్ పెట్టమంది, ఎదురుగా గోడ గడియారం, కిటికీ తెరిచి పగటి వెలుతురు, రాత్రి లైట్లు తగ్గించి నిద్ర, మూత్రం గొట్టం తొందరగా తీసెయ్యడం, తెలిసిన మనిషి పక్కన కూర్చుని ఈరోజు ఫలానా వారం, నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు అని నెమ్మదిగా చెప్తూ ఉండడం. ఎక్కువగా వీటితోనే తగ్గింది. ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి గుర్తుపెట్టుకోండి, ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు కళ్ళజోడు, చెవి మిషన్, కట్టుడు పళ్ళు మర్చిపోకండి.

ఆపరేషన్ అయిన మర్నాడే ఫిజియో అబ్బాయి వాకర్ తెచ్చి లేవమన్నాడు. కొత్త కీలు మీద బరువు వెయ్యొచ్చా అని మా తమ్ముడు అడ్డం పడ్డాడు. నిలబడ్డానికే కదండీ ఆపరేషన్ చేసింది అన్నాడా అబ్బాయి. నిలబడ్డాను, చెమటలు పట్టాయి, కూర్చున్నాను. సాయంత్రం మళ్ళీ. మంచాన ఉన్న ప్రతిరోజూ తొడల్లో కండ కరిగిపోతుంది, నాలాంటి వాళ్ళకి కరగడానికి ఉన్నదే కొంచెం.

మా మనవరాలు ఫిజియోథెరపీ చదువుతోంది, అది ఫోన్లో చదివి "అవ్వా, పెద్ద స్టడీ ఒకటుంది" అని చెప్పింది. 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిందట, 17 దేశాల్లో 2,970 మంది మీద, మన దేశం కూడా ఉంది అందులో. తుంటి విరిగిందని తేలాక కొందరికి ఆరు గంటల్లో, కొందరికి మామూలుగా ఒక రోజుకి ఆపరేషన్ చేశారు. చనిపోయినవాళ్ళ లెక్కలో పెద్ద తేడా లేదు, కానీ తొందరగా చేసినవాళ్ళకి ఆ అయోమయం తక్కువ, మూత్రం ఇన్ఫెక్షన్లు తక్కువ, ముందే లేచి నిలబడ్డారు, ముందే ఇంటికెళ్ళారు. ప్రాణం ఒక్కటే లెక్కపెడితే చిన్న తేడాలా కనిపిస్తుందేమో గానీ ఆ రాత్రులు చూసినదాన్ని కాబట్టి నాకది చిన్నది కాదు.

ఇంటికొచ్చాక అసలు పని తిండి. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం గట్టి పప్పు, పెరుగు, సాయంత్రం పాలు, రాత్రి మజ్జిగన్నంతో పాటు మళ్ళీ ఏదో ఒక పప్పో గుడ్డో. కిలో బరువుకి ఒక గ్రాము పైనే ప్రోటీన్ కావాలన్నారు, ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది, అంటే నేను అంతకుముందు తిన్న తిండికి కండ నిలిచే దారే లేదు. తినబుద్ధి కాకపోయినా కోడలు "అత్తయ్యా, ఇది మందు అనుకోండి" అని ఎదురుగా కూర్చుని తినిపించింది. ఎముకలకి ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ డ్రిప్ పెట్టారు, దానికి ముందు విటమిన్ డి సరిచేశారు. ఒకసారి విరిగినవాళ్ళకి రెండో పక్క విరిగే ప్రమాదం ఎక్కువ, అయినా చాలామందికి ఈ మందు రాయకుండానే పంపించేస్తారట, మీరే అడగండి. పడిన రోజు కళ్ళు తిరిగింది బీపీ మాత్ర ఎక్కువై కావచ్చని డోసు తగ్గించారు, ఇప్పుడు లేచేముందు మంచం మీద కాసేపు కూర్చుని తర్వాతే కాళ్ళు మోపుతాను.

అన్నీ తిరిగి రాలేదు. కింద కూర్చోవడం లేదు, పీట మీద కూర్చోకూడదు, పూజ కూడా కుర్చీలోనే. వాన పడితే గజ్జలో సలుపు. పడతానేమో అన్న భయం కాలి నొప్పి కన్నా మొండిది, ఎవరూ లేకుండా వసారాలో నడవడానికి చాలాకాలం పట్టింది. మొన్న చెకప్‌లో డాక్టరు గారు మళ్ళీ 5 అనే వేశారు, చేతి పట్టు మాత్రం పెరిగింది, బరువూ పెరిగింది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం వచ్చేసింది. ఇప్పుడు మెట్లు నేర్చుకుంటున్నాను, వరండా ముందున్న ఒక్క మెట్టు మీదే, కర్ర ఎడమచేతిలో, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు, కోడలు పక్కనే నిలబడి ఉంటుంది గానీ పట్టుకోదు.