ఒక డొమైన్, మూడు సరదాలు

ఇవాళ సెలవు. పుస్తకాల అర సర్దడం లాంటి పనులన్నీ సాయంత్రానికి నెట్టేసి పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నాకున్న మూడు చిన్న సైట్లలో కాగితం మడతల సైటు ఒక్కటే ఇంకా పాత అవతారంలో ఉంది. దాన్ని కూడా మిగతా రెండిటి టెంప్లేట్‌లోకి తెచ్చేస్తే ఈ గొడవ వదిలిపోతుందని.

మిగతా రెండిటిలో ఒకటి ఫౌంటెన్ పెన్నుల గురించి, ఇంకోటి బైనాక్యులర్స్‌తో ఆకాశం చూడటం గురించి. నాకు ప్రోగ్రామింగ్ రాదు. వచ్చిందల్లా మార్క్‌డౌన్‌లో, అంటే మామూలు అక్షరాలకే చిన్న చిన్న గుర్తులు తగిలించి రాయడం, ఫైళ్లని ఫోల్డర్లలో పద్ధతిగా పెట్టుకోవడం. చిన్న సైట్లకి అది చాలు. హ్యూగో లాంటి స్టాటిక్ సైట్ జనరేటర్‌కి ఆ ఫైళ్లు ఇస్తే హెచ్‌టీఎంఎల్ పేజీలు తయారుచేసి పెడుతుంది, వాటిని హోస్టింగ్‌లోకి ఎక్కించడమే. వర్డ్‌ప్రెస్ అయితే రాయడం ఇంకా సులువు, కాదనను. కానీ మూడు సైట్లకి మూడు వర్డ్‌ప్రెస్‌లు పెట్టుకుంటే మూడింటి ప్లగిన్లు, మూడింటి డేటాబేస్‌లు, మూడింటి అప్‌డేట్లు. వారాంతంలో మాత్రమే పనిచేసే మనిషికి అంత సేవ ఎక్కువ.

డొమైన్, అంటే సైటు చిరునామాలో ఉండే పేరు, మాత్రం ఒక్కటే కొన్నాను. దాని కింద మూడు సబ్‌డొమైన్లు, అదే పేరుకి ముందు వేరే మాట తగిలించిన చిరునామాలు. కొత్తవాళ్లు ఉత్సాహంలో ఒక్కో సరదాకి ఒక్కో డొమైన్ కొనేస్తారు, మొదటి ఏడాది తగ్గింపు ధర చూసి. రెన్యూవల్ వచ్చేసరికి అసలు ధర తెలుస్తుంది. ఒకే డొమైన్ అయితే గుర్తుపెట్టుకోవాల్సిన గడువు ఒక్కటే. మన సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో కూడా, డొమైన్ వివరాలుండే డీఎన్‌ఎస్‌లో ఒక్క టీఎక్స్‌టీ రికార్డు (చిన్న అక్షరాల వరుస) చేరిస్తే మొత్తం డొమైన్ మనదేనని ఒప్పుకుంటుంది, సబ్‌డొమైన్లన్నీ అందులోనే వచ్చేస్తాయి. రేపెప్పుడైనా ఒక సైటు బాగా పెరిగితే దానికి వేరే డొమైన్ కొని, పాత చిరునామాలకి వచ్చినవాళ్లని కొత్తదానికి శాశ్వతంగా మళ్లించే 301 రీడైరెక్ట్ పెట్టుకోవచ్చు. పెరగకపోతే ఏ నష్టమూ లేదు.

ఇదంతా ఎందుకు, ఎవరో ఇచ్చే ఉచిత చోట రాసుకోవచ్చు కదా అని నాకూ అనిపించింది మొదట్లో. అప్పుడే జియోసిటీస్ కథ చదివాను. 1994లో మొదలైన ఆ సర్వీసులో జనం తమ సరదాల గురించి పేజీలు పెట్టుకునేవాళ్లు, ఊళ్లో పేటల్లాగా విభాగాలుండేవి. సైన్స్ ఫిక్షన్ వాళ్లకి ఏరియా 51 అనే పేట. 1999లో యాహూ కొనుక్కుంది, 2009లో మూసేసింది. ఆర్కైవ్ టీమ్ లాంటి ఔత్సాహికులు పరుగున వెళ్లి కాపీలు తీసిపెట్టబట్టి కొంతైనా మిగిలింది. రాసినవాళ్లకి మాత్రం చిరునామా పోయింది. హోస్టింగ్ ఎవరిదైనా ఫర్వాలేదు, డొమైన్ పేరూ, అసలు ఫైళ్లూ నా చేతిలో ఉంటే చాలనుకున్నాను.

పది గంటలకి అక్క ఫోన్ చేసింది. ఏం చేస్తున్నావంటే చెప్పాను.

"మూడూ నీ సరదాలే కదరా, అన్నీ ఒకే సైటులో పడేస్తే పోలా?"

"చదివేవాళ్లు వేరక్కా" అన్నాను.

సరేలే అంది కానీ నమ్మినట్టు లేదు. నిజానికి ఈ మాట నాకూ ఈమధ్యే స్పష్టమవుతోంది. మూడు సైట్లు ఉండటానికి కారణం సరదాలు మూడు కావడం కాదు. ఆ పేజీ తెరిచే మనిషి ఏ స్థితిలో తెరుస్తాడన్నది మూడు చోట్లా వేరు. అస్థిపంజరం ఒక్కటే పెట్టుకున్నా పైన కండ మూడు రకాలుగా పట్టాలి.

పెన్నుల సైటుకి వచ్చేవాడు చిరాకులో వస్తాడు. పెన్ను రాయడం లేదు, వేళ్లకి సిరా అంటుకుని ఉంది. వాడికి వాటర్‌మన్ 1884లో ఫౌంటెన్ పెన్నుకి పేటెంట్ తీసుకున్న సంగతి అక్కర్లేదు. గది వేడిలో ఉన్న నీళ్లతో పాళీ విభాగాన్ని కడుగు, రంగు రాకుండా తేటనీరు వచ్చేదాకా కడుగు, వేడినీళ్లు పోయకు, ఇదే మొదటి వాక్యంలో కావాలి. ఎందుకు అన్నది కిందికి వెళ్లాక చెప్పొచ్చు: పాళీ కింది ఫీడ్‌లో సన్నని గాడులుంటాయి, సన్నని సందుల్లో ద్రవం దానంతటదే పాకే కేశనాళిక చర్యతో సిరా వాటి గుండా దిగుతుంది, దిగినంత మేర గాలి లోపలికి వెళ్తుంది, ఎండిన సిరా ఆ దారి మూసేస్తే రెండూ ఆగిపోతాయి. షెల్లాక్ (లక్క) కలిసిన డ్రాయింగ్ ఇంకులు ఫౌంటెన్ పెన్నులో పోయకూడదన్న హెచ్చరిక కూడా పైనే ఉండాలి, ఎందుకంటే అది ఆరితే నీళ్లకి కరగదు. పెన్నుల చరిత్ర రాయాలని నాకు చాలా సరదా. రాశాను కూడా. కానీ దాన్ని వేరే పేజీలో పెట్టి, లింకు అడుగున ఇచ్చాను.

ఆకాశం సైటుకి వచ్చేవాడు మేడమీదో మైదానంలోనో చీకట్లో నిలబడి ఉంటాడు. వాడి చేతిలో తెల్లటి పేజీ తెరుచుకుందంటే అంతే సంగతులు. కళ్లు చీకటికి బాగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఫోన్ వెలుగు ఒక్కసారి కొడితే మళ్లీ మొదటికి. మసకవెలుతురులో చూడటానికి పనికొచ్చే రాడ్ కణాలు ముదురు ఎరుపుకి పెద్దగా స్పందించవు, అందుకని ఆ సైటులో పైన ఒక మీట పెట్టాను: నొక్కితే నల్లటి నేల మీద ముదురు ఎర్ర అక్షరాలు. బొమ్మలు కూడా మసకబారతాయి. మామూలు డార్క్ మోడ్‌లో అక్షరాలు తెల్లగా ఉంటాయి, అది దీనికి సరిపోదు. పేజీ రంగులూ రూపూ నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో మార్చాల్సింది పిడికెడు వరుసలే, కానీ మూడు సైట్లలోనూ నాకు బాగా నచ్చిన పని ఇదే.

ఆ సైటుకి ఇంకో ఇబ్బంది ఉంది, కాలం. నక్షత్రాలు రోజూ సుమారు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి, అంటే నెలకి రెండు గంటలు. ఈ నెల రాత్రి తొమ్మిదికి కనబడే చోట వచ్చే నెల ఏడుకే కనబడతాయి. "ఈ రాత్రి ఏం చూడాలి" అని పేజీ పెడితే ప్రతి నెలా తిరగరాయాలి. అందుకే నెలకొకటి చొప్పున పన్నెండు పేజీలు పెట్టుకున్నాను. మొదటి పేజీ ఆ రోజు తేదీ చూసి వాటిలో సరైనదాన్ని చూపిస్తుంది. నక్షత్రాలు ఏటా అదే సమయానికి అదే చోటికి వస్తాయి కాబట్టి ఒకసారి రాస్తే చాలు. కృత్తికలు, ఓరియన్ నెబ్యులా, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ, ఇవన్నీ ఆ పేజీల్లోకి వచ్చాయి. గ్రహాలు, చంద్రుడు అలా కాదు. వాటి కోసం ప్రతి ఏడూ కూర్చోవాలి, నాకంత ఓపిక లేదు. వాటిని ఎలా గుర్తుపట్టాలో చెప్పే పేజీ ఉంది, ఇవాళ ఎక్కడున్నాయో చెప్పే పేజీ లేదు. గురుగ్రహం చుట్టూ 1610లో గెలీలియో చూసిన నాలుగు చందమామల్ని మామూలు 10×50 బైనాక్యులర్స్‌తో చూడొచ్చన్నది మాత్రం రాయకుండా ఉండలేకపోయాను.

మధ్యాహ్నం మడతల సైటు. పేజీలు కొత్త టెంప్లేట్‌లోకి రావడం గంటలో అయిపోయింది. సంప్రదాయంగా వస్తున్న కొంగ, పడవ, డబ్బా మాత్రమే పెట్టాను. ఈ కాలపు కళాకారులు రూపొందించిన వాటి బొమ్మలు వాళ్ల అనుమతి లేకుండా పెట్టకూడదు. లింకు అక్కకి పంపి, పడవ చెయ్యమన్నాను. తను ఇలాంటివి చేసిన మనిషి కాదు, అందుకే పంపాను. కాసేపటికి మళ్లీ ఫోన్.

"నాలుగో బొమ్మ దగ్గరకొచ్చేసరికి ఫోన్ ఆరిపోతోందిరా. రెండు చేతులతో కాగితం పట్టుకున్నాను, ముక్కుతో నొక్కమంటావా?"

నా కంప్యూటర్ తెర ఆరదు కాబట్టి ఇది నాకెప్పుడూ కనిపించేది కాదు. వెతికితే బ్రౌజర్‌లోనే దీనికి స్క్రీన్ వేక్ లాక్ అని ఒకటి ఉంది. పేజీ అడిగితే, అది కళ్లెదుట ఉన్నంతసేపూ తెర ఆరకుండా చూస్తుంది. క్రోమ్‌లో 2020లో వచ్చింది, సఫారీ, ఫైర్‌ఫాక్స్‌లలో ఆ తర్వాత. హెచ్‌టీటీపీఎస్ (సైటుకీ బ్రౌజర్‌కీ మధ్య సమాచారం గుప్తంగా వెళ్లే పద్ధతి) ఉన్న సైటులోనే పనిచేస్తుంది. వేరే ట్యాబ్‌కి వెళ్తే దానంతటదే విడిపోతుంది, తిరిగొచ్చాక పేజీ మళ్లీ అడగాలి. దానికి కావలసిన చిన్న కోడ్ ముక్క చేర్చి, పేజీ పైన "తెర ఆరకుండా ఉంచు" అని ఒక మీట పెట్టాను. ఎవరినీ అడక్కుండా వాళ్ల బ్యాటరీ తినడం మర్యాద కాదు కదా.

బొమ్మలు కూడా అక్క మాట విన్నాకే పెద్దవి చేశాను. ఒక తెరకి ఒక్క మెట్టే. ఫొటోల కంటే గీతల బొమ్మలే నయం. 1950లలో జపాన్ మడతల కళాకారుడు అకిరా యోషిజావా తీర్చిదిద్దిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది: లోపలికి దిగే లోయ మడతకి విరుగు గీతలు, పైకి లేచే కొండ మడతకి గీతా చుక్కా, ఎటు తిప్పాలో బాణాలు. వాటిని ఎస్‌వీజీ అనే గీతల బొమ్మల ఫార్మాట్‌లో గీస్తే ఒక్కొక్కటి కొద్ది కేబీలే, ఎంత పెద్దది చేసినా గీత పగలదు. చదునుగా మడిచిన దేన్నైనా విప్పి, కాగితం లోపల గీతలు కలిసే ఏ బిందువు దగ్గరైనా లెక్కపెడితే కొండ మడతలకీ లోయ మడతలకీ తేడా ఎప్పుడూ రెండే. దీన్ని మాయెకావా సిద్ధాంతం అంటారు. కాగితంతో చేసి చూసుకుంటే తప్ప నమ్మబుద్ధి కాదు. దాని మీద ఒక పేజీ సగం రాసి ఆపాను, బొమ్మలు ఇంకా గీయాలి.

పెన్నుల సైటులో మాత్రం ఫొటోలు తప్పవు. ఫోన్‌లో తీసిన నాలుగైదు ఎంబీల ఫొటోని 1200 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫార్మాట్‌లోకి మారిస్తే చాలావరకు రెండొందల కేబీలలోపు వచ్చేస్తుంది. ఆ మార్చేటప్పుడే ఫొటో ఫైలులో దాగుండే ఎగ్జిఫ్ సమాచారం కూడా తీసేస్తున్నాను. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో ఎక్కడ తీశామో అక్షాంశ రేఖాంశాలతో సహా అందులో ఉండిపోతుంది. ఇంట్లో బల్ల మీద పెట్టి తీసిన పెన్ను ఫొటోతో పాటు ఇంటి చిరునామా కూడా లోకానికి పంచిపెట్టనక్కర్లేదు.

మూడు సైట్లకీ ఒకదాన్నుంచి ఇంకోదానికి అన్ని పేజీల అడుగునా లింకులు పెట్టుకోమని ఎక్కడో సలహా చూశాను, సెర్చ్‌లో పైకి వస్తాయట. ర్యాంకు కోసమే అల్లుకునే లింకుల్ని గూగుల్ తన స్పామ్ నియమాల్లోనే చేర్చింది. అది పక్కన పెట్టినా, పెన్ను కారుతున్నవాడికి కాగితం కొంగ ఎందుకు? "నా మిగతా సైట్లు" అని పరిచయం పేజీలో ఒక్కచోట ఉంది. ఇంకోటి, రాత్రి చూసినవి నోట్ చేసుకోవడం గురించి రాసిన పేజీ నుంచి పెన్నుల సైటులో సిరా తడికి తట్టుకోవడం గురించిన పేజీకి లింకిచ్చాను, అది నిజంగా అవసరం కాబట్టి. మంచు పడే రాత్రి మామూలు సిరా అలికిపోతుంది. పెన్నుల సైటు నడిపేవాణ్ణి అయినా చెప్తున్నాను, అక్కడ పెన్సిలే మేలు.

ప్రకటనలు పెట్టలేదు. ఇంత తక్కువమంది వచ్చే సైట్లలో వాటివల్ల వచ్చేది ఏమీ ఉండదు, పేజీ మాత్రం బరువెక్కుతుంది. పైగా ఆ ఎర్ర అక్షరాల పేజీలో ఒక తెల్లటి ప్రకటన వెలిగితే ఇందాకటి శ్రమంతా బూడిదలో పోసినట్టే. ఎవరు ఎన్నిసార్లు వచ్చారో లెక్కపెట్టే ట్రాకర్లు కూడా తీసేశాను. ఏ మాటలు వెతికి వచ్చారో సెర్చ్ కన్సోల్ చెప్తుంది, నాకు కావలసింది అదొక్కటే. "ఫౌంటెన్ పెన్ను మొదటి గీత పడటం లేదు" అని వెతికినవాళ్లు ఉన్నారు. నా పేజీ దాని గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. పాళీ కొన మరీ ఎక్కువ పాలిష్ అయితే చీలిక దగ్గర కాగితం తగలక అలా జరుగుతుంది, నూనె అంటిన కాగితం మీదా జరుగుతుంది. ముందు కాగితం మార్చి చూడమనాలి, ఆ తర్వాత కడిగి చూడమనాలి, అప్పటికీ కాకపోతేనే పాళీ సంగతి. వచ్చే సెలవురోజుకి అదే పేజీ.

సాయంత్రం ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి ఒక కాపీ తీశాను. హెచ్‌టీటీపీఎస్‌కి కావలసిన సర్టిఫికెట్ల గడువు చూశాను. ఉచితంగా ఇచ్చేవాటికి 90 రోజులో, అంతకన్నా తక్కువో ఉంటుంది, వాటంతటవే రెన్యూ అవుతున్నాయో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలి. అవుతున్నాయి. అక్క పడవ ఫొటో పంపింది, ఒక పక్కకి ఒరిగి ఉంది. అయిదో బొమ్మలో బాణం ఎటు చూపిస్తోందో అర్థం కాలేదట. చూస్తే నిజమే, గీతకీ బాణానికీ మధ్య ఖాళీ చాలక రెండూ కలిసిపోయాయి. జరిపి మళ్లీ ఎక్కించి, ఇంకో కాగితం తీసుకోమన్నాను. పుస్తకాల అర అలాగే ఉంది.