ఆయిల్ ప్రెషర్ సెండర్‌ను బ్లాక్‌కి వేలాడదీయకండి

పాత కారుకి ఆయిల్ ప్రెషర్ గేజ్, దానికి ప్రెషర్ కొలిచి కబురు పంపే సెండర్ పెట్టుకోవడం మంచి పనే, ఎందుకంటే డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగేది ప్రెషర్ బాగా పడిపోయాకే, అప్పటికి బేరింగుల పని అయిపోయి ఉండొచ్చు. కాకపోతే చాలామంది T ఆకారంలో ఉండే ఒక ఇత్తడి అడాప్టర్ తెచ్చి, ఇంజిన్ బ్లాక్‌లో ఆ ఎర్ర లైటుని వెలిగించే పాత స్విచ్ ఉన్న చోట బిగించేసి, దానికే ఒక పక్క స్విచ్చు, ఇంకో పక్క సెండరు తగిలించి బానెట్ మూసేస్తారు. నాకు భయం అక్కడే.

సెండర్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. డబ్బాలా ఉంటుంది, బరువంతా పై చివరే. దాన్ని మోసే అడాప్టర్ మందం సుమారు 10 మిల్లీమీటర్లు, అందులోనూ మధ్యలో రంధ్రం, పైన థ్రెడ్ గాడి, అన్నీ పోగా మిగిలే లోహం ఒకటి రెండు మిల్లీమీటర్లు. 4 సిలిండర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంటే ఆ అదురు సెకనుకి 100 సార్లు. తీగను అటూ ఇటూ వంచుతుంటే తెగినట్టే, ఇత్తడి కూడా ఏదో ఒక రోజు థ్రెడ్ మొదట్లో చిట్లుతుంది. అప్పుడు వేడి ఆయిల్ ప్రెషర్‌తో బయటికి చిమ్ముతుంది, పక్కనే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంటే మంట, లేకపోయినా ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే సంప్ ఖాళీ, ఇంజిన్ జామ్.

అందుకే సెండర్‌ని ఇంజిన్ మీద కాకుండా బాడీ మీద పెట్టాలి. ఫైర్‌వాల్‌కో (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) లోపలి ఫెండర్‌కో ఒక బ్రాకెట్ బిగించి సెండర్‌ని అక్కడ కూర్చోబెట్టి, బ్లాక్ నుంచి అక్కడికి ఆయిల్ కోసం చేసిన, స్టీలు అల్లిక ఉన్న హోస్ వేయండి. ఇంజిన్ మౌంటుల మీద ఊగుతుంది కాబట్టి హోస్‌ని కాస్త వదులుగా, ఎగ్జాస్ట్‌కి దూరంగా, దేనికీ రాసుకోకుండా తీసుకెళ్లాలి.

థ్రెడ్ విషయంలో తొందర వద్దు. పైపు థ్రెడ్లలో రెండు కొలతల పద్ధతులున్నాయి: అమెరికన్ ఇంజిన్లలో ఎక్కువగా 1/8 ఎన్‌పీటీ, బ్రిటిష్‌వాటిలో తరచూ 1/8 బీఎస్‌పీ. మొదటిదానికి అంగుళానికి 27 చుట్లు, రెండోదానికి 28, కోణం కూడా వేరు. మొదటి ఒకటి రెండు చుట్లు హాయిగా తిరుగుతాయి, తర్వాత పట్టేస్తుంది, అక్కడ బలం పెట్టారా, పాత బ్లాక్ పగిలిందంటే దొరకడమే కష్టం. పైగా టేపర్ థ్రెడ్ (చివరికి సన్నబడేది) బిగించే కొద్దీ చీలలా దిగుతూ బ్లాక్‌ని చీల్చడానికి చూస్తుంది. సెండర్ డబ్బాని పట్టుకుని తిప్పకండి, కింద ఆరు పలకల హెక్స్ మీదే స్పానర్ వేసి, రెండో స్పానర్‌తో అడాప్టర్‌ని కదలకుండా పట్టుకోండి. టెఫ్లాన్ టేప్ వాడితే మొదటి చుట్టు వదిలేయండి, ముక్కలు ఆయిల్‌లోకి పోకూడదు.

ఇక ఎర్త్. ఒకే టెర్మినల్ ఉన్న సెండర్‌కి ఎర్త్ దాని బాడీ ద్వారానే అందుతుంది, బ్రాకెట్ కింద పెయింట్ ఉంటే అందదు. ప్రెషర్ పెరిగే కొద్దీ రెసిస్టెన్స్ 10 నుంచి 180 ఓమ్‌లకి పెరిగే రకమైతే ఎర్త్ పోయినప్పుడు ముల్లు పైకి వెళ్లి కూర్చుంటుంది, ప్రెషర్ భేషుగ్గా ఉందనుకుంటాం! 240 నుంచి 33 ఓమ్‌లకి తగ్గే అమెరికన్ రకంలో కిందకి పడిపోతుంది, అది నయం, కనీసం అనుమానమైనా వస్తుంది. గేజు, సెండరు ఒకే రకం అవ్వాలని వేరే చెప్పక్కర్లేదు. సెండర్‌కి విడిగా ఒక ఎర్త్ వైరు వేసేయండి, టెన్షన్ ఉండదు. పాత వార్నింగ్ స్విచ్‌ని కూడా తీసెయ్యొద్దు.

అంతా బిగించాక చల్లటి ఇంజిన్‌నే స్టార్ట్ చేసి చూడండి, ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడే ప్రెషర్ ఎక్కువ. ఇంజిన్ ఆపాక ప్రతి జాయింట్ చుట్టూ టిష్యూ పేపర్ తిప్పండి. తడి తగిలితే ఆ జాయింట్ విప్పి మళ్లీ బిగించండి, నడుస్తున్న ఇంజిన్ మీద మాత్రం స్పానర్ పెట్టొద్దు.