ఠ లోపలి చుక్క

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

నిన్న పడుకోబోయే ముందు స్క్రోల్ సా మిషనును, అంటే సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో వంపులు కోసే రంపాన్ని, కుడి పక్కకు ఒరిగించి, బ్లేడును పట్టుకునే దాని చేతులు రెండూ ఆడే బుష్‌ల (ఇరుసు చుట్టూ ఉండే చిన్న లోహపు గొట్టాల) మీద నాలుగేసి చుక్కల నూనె వేసి వదిలేశాను. పొద్దున లేపి నిలబెట్టి స్విచ్చి వేస్తే, వారం రోజులుగా వినబడుతున్న ఆ టకటక సగానికి తగ్గింది. ప్రాణం లేచివచ్చింది. బుష్‌లో నూనె ఇంకడానికి ఒక రాత్రి పడుతుంది. పైపైన పోసి గంటలో తుడిచేస్తే దానికి అందేది ఏమీ ఉండదు.

మూడేళ్ల కిందట హైదరాబాదులో పాత సామాన్ల దుకాణంలో కొని, ఆర్టీసీ బస్సులో నల్లగొండకు తెచ్చుకున్న మిషను ఇది. అప్పట్లో బల్లంతా తుప్పు. కిరసనాయిలు, సాండ్‌పేపరు పట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఇప్పటికీ నెలకోసారి కొవ్వొత్తి రుద్ది గుడ్డతో తుడుస్తాను. టేకు పలక నీటి మీద ఆకులా జరుగుతుంది.

అమ్మాయి దేవరకొండ రోడ్డులోని ఒక పల్లె బడిలో టీచరు. బడిలో పుస్తకాల గదికి బోర్డు కావాలని పోయిన వారం అడిగింది. "ఫ్లెక్సీ వద్దు నాన్నా. పిల్లలు వేలితో తడిమి చదివే అక్షరాలు కావాలి" అంది. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. 'పాఠకుల గది' అని కాగితం మీద నా చేత్తోనే రాసి, టేకు పలకకు ముందు టేపు, దాని మీద కాగితం అతికించాను. టేపు ఉంటే కోసిన అంచు మాడదు.

పా, కు, ల, గ పదకొండు గంటలకల్లా అయిపోయాయి. ఈ బ్లేడు కొద్దిగా కుడికి లాగుతుంది కాబట్టి పలకను ఆ మేరకు వాలుగా పట్టుకోవాలి. ఇప్పుడు చేతులకు అది అలవాటైపోయింది.

ఠ దగ్గర ఆగిపోయాను. గుండ్రం లోపల ఖాళీ, ఆ ఖాళీ మధ్యలో దేనికీ అంటని చుక్క. ముందు సన్నని చిల్లు పెట్టి, బ్లేడు పై కొస విప్పి, చిల్లులోంచి దూర్చి, మళ్ళీ బిగించాలి. మొదట్లో ఈ మిషనుకు రెండు కొసల్లో పిన్నులున్న బ్లేడ్లే పట్టేవి. ఆ పిన్ను దూరేంత చిల్లు పెడితే ఠలో చుక్కకు చోటే మిగలదు. గడియారం సెంటర్ దగ్గర లేతు షాపు పెద్దాయన రెండు చిన్న ఇనుప బిగింపులు చేసి ఇచ్చారు. వాటి పుణ్యమా అని పిన్నులు లేని ఐదు అంగుళాల బ్లేడు వాడగలుగుతున్నాను.

తొందరపడి గుండ్రం లోపలి అంచు ముందు కోశాను. చేతికి వచ్చిన బిళ్ల రూపాయి నాణెం కన్నా పెద్దది కాదు. దానిలోంచి చుక్కను తీయబోతే బ్లేడు బిళ్లను పైకి లాగి టపామని బల్లకేసి కొట్టింది. చుక్క రెండు చెక్కలైంది. వేళ్లు బయటే ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

చెత్త ముక్కలోంచి వేరే చుక్క కోసి అతికిస్తే చూసేవాళ్లు ఎవరూ పట్టుకోలేరు. కానీ చారలు కలవవు. గుండ్రంలో చారలు నిలువుగా, చుక్కలో అడ్డంగా ఉంటే అది ఆ అక్షరానికి పుట్టిన చుక్క కాదు. ఠ మొత్తం మళ్ళీ కోయాలనుకున్నాను.

భోజనం అయ్యాక మిషను దగ్గరకు వచ్చి ముందు బ్లేడును వేలితో మీటాను. 'టింగ్' అనాల్సింది 'డబ్' అంది. పొద్దున్నుంచీ వదులుగానే కోస్తున్నానన్నమాట. పళ్లు కూడా అరిగాయి. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, బ్లేడును త్వరగా తినేస్తుంది. కొత్తది వేసి, గట్టిగా మోగేదాకా బిగించాను. మందమైన వేప ముక్క మీద చిన్న గాటు పెట్టి, ముక్కను తిప్పి బ్లేడు వెనక నుంచి చూశాను. గాటులో బ్లేడు సరిగ్గా కూర్చుంది. బల్ల వాలిపోలేదు.

ఈసారి చుక్కను ముందు కోశాను. చుట్టూ పలకంతా ఉంది కాబట్టి రెండు చేతులూ ఆనించి పట్టుకోవడానికి చోటుంది. చుక్క విడివడి, బల్ల రంధ్రం మీద అతికించిన పాత ప్లాస్టిక్ కార్డు మీదే నిలిచింది. ఆ తర్వాతే గుండ్రం లోపలి అంచు, చివరన బయటి అంచు.

సాయంత్రం అమ్మాయి ఫోను చేస్తే, "ఠ అయిందమ్మా, ఇక ది ఒక్కటే" అన్నాను. గుడి లోపలి ఖాళీకి కూడా చిల్లు పెట్టాలి, అది రేపు. చుక్క పోకుండా అగ్గిపెట్టెలో వేసి మా ఆవిడకు చెప్పి దాచాను.

ఇప్పుడే బ్లేడు బిగువు వదిలి, పొట్టు దులిపి, మిషనును ఎడమ పక్కకు పడుకోబెట్టి వచ్చాను. రెండో వైపు బుష్‌లకు నాలుగేసి చుక్కలు వేశాను. పొద్దున ఆరింటికి లేపాలి.