పిండికట్టు, తునికాకు

కోరుట్ల దగ్గర మా ఊర్లో, ఇంటి ముందు గద్దె మీద, ఎడమ కాలు రెండు మెత్తల మీద ఎత్తి పెట్టుకుని కూర్చున్నాను. పక్కనే అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పదకొండేళ్ల నుంచి షార్జాలో షట్టరింగ్ కార్పెంటర్‌ని, కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కట్టే పని. లీవుకు వచ్చినప్పుడల్లా పెళ్లిళ్లకూ బ్యాంకుకూ తిరగడంతోనే సరిపోయేది. అమ్మ పొద్దంతా ఎట్లా పనిచేస్తుందో ఇప్పుడే చూస్తున్నాను.

సైట్‌లో నిచ్చెన దిగుతూ ఆఖరి మెట్టు అయిపోయిందనుకుని కాలు వదిలాను. ఇంకో మెట్టు ఉంది. పాదం లోపలికి మడతపడి బరువంతా బయటి అంచు మీద పడింది. బెణికిందనుకున్నాను. బూటు గట్టిగా బిగించి నాలుగు రోజులు డ్యూటీ చేశాను, ఓటీ (ఓవర్‌టైమ్ డబ్బు) పోతుందన్న భయంతో. అయిదో రోజు బూటులో కాలు దూరలేదు. మా రూంలో ఉండే సిరిసిల్ల అన్న చూసి, "తమ్మీ, ఇది బెణుకు కాదు, బొక్క ఇరిగింది, నడువ్" అని టాక్సీ ఎక్కించాడు.

చిటికెన వేలి వెనక, పాదం అంచున ఉండే పొడుగు బొక్క మొదట్లో విరిగింది. పాదంలో 26 ఎముకలుంటాయట. ఇది విరిగిన చోటికి రక్తం తక్కువ అందుతుంది కాబట్టి అతకడం ఆలస్యమని డాక్టర్ చెప్పాడు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆ కాలు నేలకు మోపొద్దన్నాడు. సిగరెట్ మానకపోతే ఇంకా ఆలస్యం, అప్పటికీ అతక్కపోతే ఆపరేషన్ చేసి స్క్రూ వేయాలి. ఆ రోజే మానేశాను.

కూలీలుండే క్యాంపులో మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. చంకకర్రలతో బాత్రూం దాకా పోవడమే పెద్ద పని. ఒకతను తన కింది మంచం నాకిచ్చి పైకి ఎక్కాడు. సిరిసిల్ల అన్న డ్యూటీ నుంచి రాగానే, తను తినకముందే నాకు బకెట్‌లో నీళ్లు పట్టి పెట్టేవాడు.

కంపెనీ ఆఫీసులో ఒక కాగితం ముందు పెట్టారు. సంతకం చేశాను. జీతం లేని లీవు అని అందులో ఉందని తర్వాత తెలిసింది. దీనికి నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. షార్జా ఉన్న ఎమిరేట్స్ దేశంలో (యూఏఈ) 2021లో తెచ్చిన కార్మిక చట్టం ప్రకారం డ్యూటీలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు యజమానిదే. కోలుకునే దాకా, ఆరు నెలల వరకు పూర్తి జీతం ఇవ్వాలి, ఇంకా నయం కాకపోతే మరో ఆరు నెలలు సగం జీతం. అన్నలారా, దెబ్బ తగిలిన రోజే ఫోర్‌మన్‌తో రాయించండి, ఆ రోజే ఎక్స్‌రే తీయించండి. నాలుగు రోజులు నడిచినందుకు నాకు బొక్క నష్టం, సాక్ష్యమూ నష్టం.

పిండికట్టుతోనే ఇంటికి వచ్చాను. అమ్మ రోజూ మేక కాళ్ల షోర్వా చేస్తానంటుంది. వారానికొకసారి చాలని ఒప్పించాను. నానబెట్టిన తునికాకును అచ్చు పెట్టి కత్తిరిస్తుంది, తంబాకు నింపి చుడుతుంది, మూతి మడిచి దారం కడుతుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. కూర్చోకపోతే ఆ రోజు ఏమీ లేదు. నా ఓటీ లెక్క కూడా అంతే కదా అనిపించింది. ఆమె నడుం ఎప్పటి నుంచి వంగిందో నేను గమనించనే లేదు. ఇప్పుడు ఆకు కత్తిరించడం నా పని. నేను దగ్గితే చాలు, తంబాకు చాట అటు జరుపుతుంది.

మొన్న కరీంనగర్‌లో మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఏడు వారాలైనా గీత అట్లాగే ఉంది. ఆరు నెలలు దాటి ఎమిరేట్స్ బయట ఉంటే వీసా పోతుందన్న టెన్షన్ ఒకటి. ఇంకా నాలుగు నెలలు చేతిలో ఉన్నాయి. ఎప్పుడొస్తున్నావని ఫోర్‌మన్ అడిగితే ఎక్స్‌రే ఫోటో పంపి, అతికాకే వస్తానని రాశాను.

"ఏమన్నడు బిడ్డా?" అంది అమ్మ, దారం పళ్లతో తెంపుతూ.

"ఇంకా చూడలేదే అమ్మా."

"చూస్తడు తియ్యి. నువ్వు కాలు కింద పెట్టకు" అని, నానిన ఆకుల కట్ట నా ఒళ్లో పెట్టింది.