సర్వీస్ రిజిస్టర్‌లో నా ఎత్తు

మూడేళ్ల కిందట బియ్యం డబ్బా జరపబోతే వెన్నులో కలుక్కుమంది. ఆ తర్వాత గట్టిగా ఊపిరి తీసుకున్నా నొప్పే, మంచం మీద పక్కకి ఒత్తిగిలినా నొప్పే. దగ్గర్లోని డాక్టరు గారు "బెణికిందమ్మా, వయసు కూడా వచ్చింది కదా" అని ఇంజెక్షన్ చేసి పంపారు. నెల తిరిగినా తగ్గకపోయేసరికి మా అబ్బాయి గుంటూరులో ఎముకల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆవిడ ముందు నన్ను గోడకి ఆనించి నిలబెట్టి ఎత్తు కొలిచారు. 152 సెంటీమీటర్లు. "వయసులో ఉన్నప్పుడు ఎంత ఉండేవారు?" అని అడిగారు. నేను టీచరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరినప్పుడు సర్వీస్ రిజిస్టర్‌లో పుట్టుమచ్చలతో పాటు ఎత్తూ రాస్తారు. ఆ జిరాక్స్ పెన్షన్ ఫైల్లో ఉంటే మావారు ఫోన్లో చదివి చెప్పారు: 157. నాలుగు సెంటీమీటర్లకి మించి తగ్గితే వెన్నుపూస విరిగిందేమో చూడాల్సిందేనట.

పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో రెండు పూసలు ముందువైపు నలిగిపోయి, తలుపు కదలకుండా కింద పెట్టే చెక్కముక్కల్లా కనిపించాయి. ఒకటి కొత్తది, ఇంకోటి ఎప్పటిదో. వెన్నుపూస విరుగుళ్లు చాలావరకు మనిషికి తెలియకుండానే జరిగిపోతాయట.

కొన్నాళ్లుగా దండెం అందట్లేదు, కుచ్చిళ్లు నేల మీద జీరాడుతున్నాయి. బరువు పెరగకపోయినా పొట్ట ముందుకొచ్చింది. చూసినవాళ్లంతా అన్నం తగ్గించమనేవారు. వెన్ను కుంగితే పక్కటెముకలు కిందికి దిగి, లోపల చోటు చాలక పొట్ట ముందుకు తోసుకొస్తుందని డాక్టరమ్మ చెప్పాకే తెలిసింది.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోరు మైనస్ 3.1 వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న వయసువాళ్ల ఎముకతో పోలిస్తే మనది ఎంత తగ్గిందో చెప్పే అంకె అది. మైనస్ 2.5, అంతకన్నా కిందికి పోతే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం. ఇన్నేళ్లు ఎండలో బడికి నడిచినదాన్ని, విటమిన్ డి కూడా బాగా తక్కువే. "నెలసరి ఎప్పుడు ఆగింది?" అన్నారు. 36వ ఏట, ఆపరేషన్‌తో. తెల్లబట్టకని వెళ్తే, ముందుముందు క్యాన్సర్ రావచ్చని భయపెట్టి గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. అండాశయాలు పోతే ఎముకని కాపాడే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఆ మాట ఆనాడు ఎవరూ చెప్పలేదు. దేశంలో గర్భసంచి తీసే ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రా, తెలంగాణ ముందున్నాయి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

విటమిన్ డి సరిచేశాక జోలెడ్రోనిక్ ఆసిడ్ ఎక్కించారు. ఎముక అరిగిపోకుండా ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే మందు. మర్నాడు జ్వరం, ఒళ్లంతా నొప్పులు. అలా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. నొప్పి తగ్గేదాకా బెల్టు వాడాను. ఆ తర్వాత అసలు పని ఫిజియోథెరపీయే. బోర్లా పడుకుని ఛాతీ కొద్దిగా పైకెత్తడం, గోడకి వీపు ఆనించి నిలబడటం, బకెట్ ఎత్తాలంటే నడుం వంచకుండా మోకాళ్లు వంచడం. రోజూ రాగిజావ, పెరుగు, కాల్షియం మాత్ర. పోయిన ఎత్తు రాదు. కానీ కొత్తగా ఏ పూసా నలగలేదు, మునుపటిలా నడుస్తున్నాను.

మా అక్క సంగతి వేరు. చిన్నప్పుడే బడి మానిపించి మిరప కోతలకి పంపారు. తనకి ఆ ఆపరేషన్ నాకంటే చిన్న వయసులోనే జరిగింది. వీపు నాకంటే బాగా వంగింది. చైనాలో పెద్దవాళ్ల మీద చేసిన ఒక సర్వేలో చదువు, ఖర్చుపెట్టే స్తోమత తక్కువ ఉన్నవాళ్లే ఎత్తు ఎక్కువ కోల్పోయారని తేలింది. అది చదువుతుంటే నాకు అక్కే కళ్లముందు మెదిలింది. తను ఎంత తగ్గిందో చెప్పడానికి ఏ కాగితమూ లేదు. ఒకే ఒడ్డూపొడుగూ ఉండేవాళ్లం, ఒకరి లంగా ఒకరం కట్టుకునేవాళ్లం. ఇప్పుడు నా భుజం దాకా వస్తుంది.

"ముసలిదాన్ని, నాకెందుకే స్కానూ గీనూ" అంటుంటే బలవంతాన తీసుకెళ్లాను. ఎముకల కోసమే వారానికో అలెండ్రోనేట్ మాత్ర రాశారు. పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో వేసుకుని, అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు, తాగకూడదు. కాఫీ లేకుండా ఆ అరగంట గడవడం తనకి కష్టంగా ఉంది. అందుకే ప్రతి ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, ఆ అరగంటా మాట్లాడుతూ కూర్చోబెడుతున్నాను.