గుడ్డే ముందు, ఇక పదండి

జవాబు చెప్పకపోయినా కొంపలు మునగని ప్రశ్నలంటే నాకు మహా ఇష్టం. మార్కులు వేసేవాళ్ళుండరు, తప్పు చెప్పినా ఉద్యోగం పోదు. తెలిసినవాళ్ళు అడిగినవీ, నిద్ర పట్టని రాత్రుళ్ళు నాకు నేనే వేసుకున్నవీ చాలా పోగుపడ్డాయి కాబట్టి ఈరోజు కొన్నిటి సంగతి తేల్చేస్తాను. వరస గిరస ఏమీ లేదు.

ముందు ఆ "కోడి ముందా, గుడ్డు ముందా" గోల వదిలించుకుందాం. గుడ్డే ముందు. కోడి అనేది ఈ భూమ్మీద అడుగుపెట్టడానికి కోట్ల ఏళ్ళ ముందే చేపలు గుడ్లు పెట్టాయి, డైనోసార్లూ పెట్టాయి. "అలా కాదు, కోడిగుడ్డు గురించి అడుగుతున్నా" అని లాయర్ పాయింటు తీస్తారా, అయినా గుడ్డే. ఇంచుమించు కోడిలాంటి పక్షి ఏదో పెట్టిన గుడ్డులోంచి ఇంకొంచెం కోడిలాంటి పిల్ల వచ్చింది, అంతే. కాకపోతే ఇదిగో ఇదే మొట్టమొదటి కోడి అని వేలు పెట్టి చూపించలేం. మార్పు అంత మెల్లగా జరుగుతుంది మరి, ఏ తల్లీ తన పిల్లను చూసి "ఇదేంటి, ఇది మా జాతి కాదే" అని కంగారుపడి ఉండదు.

జీవితానికి అర్థం ఏమిటి? తెలిస్తే ఆదివారం మధ్యాహ్నం ఇలా కూర్చుంటానా. తర్వాతి ప్రశ్న.

అద్దం కుడిని ఎడమ చేస్తుంది కదా, మరి తలను కిందికీ కాళ్ళను పైకీ ఎందుకు చెయ్యదు? ఇది మాత్రం నన్ను నిజంగా తినేసిన ప్రశ్న. అసలు గుట్టు ఏంటంటే అద్దం కుడి ఎడమల జోలికే పోదు. కుడి చెయ్యి ఎత్తండి, అద్దంలోనూ అదే పక్కనున్న చెయ్యి లేస్తుంది. తల పైనే ఉంది, పాదాలు కిందే ఉన్నాయి. మారిందల్లా ముందూ వెనకా. మీ ముక్కు తూర్పుకు ఉంటే అద్దంలో ముక్కు పడమరకు ఉంటుంది. మనమేమో అక్కడ ఒక మనిషి అటు నడిచివెళ్ళి, గిర్రున వెనక్కి తిరిగి మనవైపు చూస్తున్నాడని ఊహించుకుని, ఆ లేని మనిషి చేతులు తారుమారయ్యాయని అద్దం మీద కేసు పెడుతున్నాం. ఇంకో సంగతి, అద్దానికి మీటరు దూరంలో నిలబడితే వెలుతురు పోయి రావడానికి సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఆరేడు ముక్కలంత టైమ్ పడుతుంది. అంటే అద్దంలో కనిపించేది ఎప్పుడూ మనకన్నా కాస్త చిన్నవాళ్ళే. ఖర్చులేకుండా వయసు తగ్గించే దారి నాకు తెలిసి ఇదొక్కటే.

అడవిలో ఎవరూ లేనప్పుడు చెట్టు కూలితే చప్పుడవుతుందా? అడవిలో ఎవరూ లేకపోవడమేంటి అసలు! పక్షులున్నాయి, ఉడతలున్నాయి, ఆ చెట్టు మీదే కాపురం పెట్టిన పురుగులున్నాయి. మనం లేకపోతే ఎవరూ లేనట్టే అనుకోవడం కొంచెం ఎక్కువ కాదూ.

ఐదేళ్ళ వయసులో ఉన్న నేనూ ఇప్పటి నేనూ ఒకరేనా? ఏడేళ్ళకోసారి ఒళ్ళంతా కొత్తదైపోతుందని తెగ చెబుతుంటారు గానీ అది నిజం కాదు. ఎర్ర రక్తకణాలు నాలుగు నెలలకోసారి మారిపోతాయి, సరే, కానీ మెదడు పైపొరలో ఉండే నాడీకణాలు చాలావరకు చిన్నప్పటివే, కంటి కటకం నడిమి భాగమైతే పుట్టినప్పటిది. కాబట్టి నేను కొంత పాత, కొంత కొత్త. "అప్పు తీసుకున్నవాడు వేరు, ఇప్పటి నేను వేరు" అంటూ బాకీ ఎగ్గొట్టబోయే మనిషిని పాత గ్రీకు హాస్య నాటకాల్లోనే పెట్టేశారట. అప్పిచ్చినవాడు నాలుగు తగిలించి, "కొట్టినవాడు వేరు, ఇప్పటి నేను వేరు" అన్నాడు. ఈ విషయంలో ఆ దెబ్బల కన్నా గట్టి వాదన నాకైతే తట్టలేదు.

ప్రపంచం అంతా, మన జ్ఞాపకాలతో సహా, ఐదు నిమిషాల కిందటే పుట్టి ఉండవచ్చుగా? 1921లో బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ వేసిన మెలిక ఇది. కాదని నిరూపించడం ఎవరివల్లా కాదు. నా బాధల్లా వేరే. ఐదు నిమిషాల కిందట అంతా కొత్తగా తయారుచేస్తూ, కుర్చీ మీద మడతపెట్టని బట్టల గుట్టను కూడా గుర్తుపెట్టుకుని మరీ చేశారంటే, ఆ చేసినవాళ్ళకు నామీద ఏదో పాత కక్ష ఉండి ఉండాలి. ఉన్నదే ఐదు నిమిషాలైతే పాత కక్ష ఎక్కణ్ణుంచి వచ్చిందో మళ్ళీ అదో ప్రశ్న.

పక్క లైనే ఎందుకు త్వరగా కదులుతుంది? శకునం కాదు, లెక్క. మూడు లైన్లుంటే అన్నిటికన్నా ముందు కదిలేది మనదే కావడానికి అవకాశం మూడింట ఒక వంతు. మూడుసార్లు నిలబడితే రెండుసార్లు ఇంకెవరిదో బాగుంటుంది. పైగా మన లైను చకచకా కదిలిన రోజున పక్కవాళ్ళ వైపు ఎందుకు చూస్తాం.

నన్ను నేను చక్కిలిగింతలు పెట్టుకుంటే నవ్వెందుకు రాదు? చెయ్యి కదలబోతోందని మెదడుకు ముందే తెలుసు కాబట్టి, ఆ స్పర్శను అది ముందే తగ్గించేస్తుంది. 1990ల చివర్లో లండన్‌లో పరిశోధకులు ఒక మర చేతిని మధ్యలో పెట్టి, మనిషి కదలికకూ ఆ స్పర్శకూ మధ్య రెప్పపాటు ఆలస్యం చేసి చూశారు. ఆలస్యం పెరిగేకొద్దీ గిలి పెరిగింది. నాకు నచ్చిందేంటంటే, ఇంత సీరియస్‌గా చక్కిలిగింతలు పెట్టి జీతం తీసుకునే ఉద్యోగం ఒకటి ఈ లోకంలో ఉందని.

ఇక మిగిలింది ఒకటే, అన్నిటికన్నా కష్టమైనది. ఫోన్‌లో మాటలన్నీ అయిపోయాక అవతలివాళ్ళు అడిగే "ఇంకేంటి?". దీనికి ఎవరి దగ్గరైనా "ఏముంది, మామూలే, నువ్వే చెప్పు" కాకుండా వేరే జవాబు ఉంటే దయచేసి చెప్పండి, మా అక్క రోజూ అడుగుతోంది.