మేక్‌ఫైల్‌లో పేరు ఎప్పుడు విలువ అవుతుంది?

నల్లగొండలో ఉంటూ, మిర్యాలగూడ దగ్గరి ఒక రైస్ మిల్లు కోసం, ధర్మకాంటా మీదికి లారీ ఎక్కగానే సీరియల్ పోర్టు ద్వారా బరువు చదివి చీటీ ముద్రించే చిన్న ప్రోగ్రామును సీ భాషలో రాశాను. యాసంగి వడ్లు రావడం మొదలైన వారంలో, ఖాళీ లారీ బరువును తీసివేసే చోట ఒక తప్పును దిద్ది, మేక్‌ఫైల్‌లోని నియమాల ప్రకారం కోడ్ నుంచి ప్రోగ్రామును తయారుచేసే మేక్ అనే సాధనాన్ని నడిపితే, ప్రోగ్రాము ఇప్పటికే తాజాగా ఉంది, చేయవలసిందేమీ లేదన్న జవాబు వచ్చింది. తయారైన ఫైలును తొలగించి మళ్లీ నడిపాను; ఈసారి ప్రోగ్రాము తయారైంది కానీ, చీటీ మీద పాత తప్పే కనిపించింది. అదే కోడ్‌ను మిల్లులోని కొత్త కంప్యూటర్‌కు తీసుకుపోతే, ఆబ్జెక్ట్ ఫైళ్లు (ఒక్కో సోర్స్ ఫైలును కంపైల్ చేస్తే వచ్చే ముక్కలు) లేవంటూ, వాటిని కలిపి ప్రోగ్రాముగా చేసే లింకింగ్ దగ్గరే ఆగిపోయింది.

ఈ మూడింటికీ కారణం ఒక్కటే: ఆబ్జెక్ట్ ఫైళ్ల జాబితాకు పెట్టిన ‘ఆబ్జ్స్’ అనే పేరును నేను నియమంలో పైన వాడి, దాని విలువను కింద ప్రకటించాను. మేక్‌ఫైల్‌లో మొదట కనిపించే లక్ష్యమే, అంటే తయారుచేయవలసినదే, వేరే ఏమీ చెప్పకపోతే మేక్ చేపట్టే డిఫాల్ట్ లక్ష్యం కాబట్టి, ప్రధాన నియమాన్ని అన్నిటికన్నా పైన రాయడం నాకు అలవాటైంది.

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్‌కు ఈనాడు లినక్స్‌లో మనం వాడే రూపం గ్నూ మేక్. అది ముందు ఫైలునంతా చదివి, ఏది దేని మీద ఆధారపడుతుందో పటం గీసుకొని, ఆ తరువాతే ఆదేశాలను నడుపుతుంది. లక్ష్యం పేరునూ, కోలన్ తరువాత వచ్చే ఆధారాల జాబితానూ చదువుతున్న క్షణంలోనే విప్పుతుంది, అంటే వాటిలోని పేర్ల స్థానంలో విలువలను పెడుతుంది. ట్యాబ్‌తో మొదలయ్యే ఆదేశాలను మాత్రం నడిపే సమయం దాకా విప్పదు. కాబట్టి నా నియమంలో ఒకే పేరు ఆధారాల చోట ఖాళీగా, ఆదేశం చోట పూర్తి జాబితాగా మారింది. ఆధారాలు లేవు గనుక సోర్స్ మారినా మేక్‌కు తెలియలేదు. ఫైలును తొలగించినప్పుడు ఆదేశం డిస్కులో మిగిలిన పాత ఆబ్జెక్ట్ ఫైళ్లనే కలిపింది. కొత్త కంప్యూటర్‌లో అవి లేనే లేవు.

‘=’తో ప్రకటించిన విలువ వాడిన ప్రతిసారీ విప్పబడుతుంది కాబట్టి వరుసతో పని లేదని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. అది విలువ లోపలి పేర్లకే వర్తిస్తుంది. ఆధారాల జాబితాలో గానీ, ‘ఇఫ్‌ఈక్యూ’ వంటి షరతుల్లో గానీ, విలువను వెంటనే విప్పి పెట్టే ‘:=’కు కుడివైపున గానీ ఆ పేరు వస్తే, అప్పటిదాకా ఉన్న విలువే దొరుకుతుంది. ప్రకటించని పేరుకు మేక్ ఖాళీని ఇచ్చి, ఏమీ చెప్పకుండా ముందుకు సాగడం నన్ను నిజంగా బాధించే విషయం. గ్రేడిల్ అనే మరో బిల్డ్ సాధనంలో ఇంకా నమోదు కాని టాస్క్‌ను (పనిని) ‘టాస్క్స్.నేమ్డ్’తో అడిగితే అక్కడికక్కడే దోషం చూపి ఆగుతుంది. సీమేక్ అనే ఇంకో బిల్డ్ సాధనంలో లింక్ చేయమన్న పేరు టార్గెట్ (అందులో ప్రకటించిన లక్ష్యం) కాకపోతే మామూలు లైబ్రరీ పేరుగా లింకర్‌కు పోతుంది; జంట కోలన్ (‘::’) ఉన్న పేరైతే మాత్రం టార్గెట్ ఉండి తీరాలని పట్టుబడుతుంది. అందుకే నా సీమేక్ పనుల్లో జంట కోలన్ పేర్లనే వాడుతున్నాను.

ఇప్పుడు ఆ మేక్‌ఫైల్‌లో విలువలన్నీ పైకి వచ్చాయి, డిఫాల్ట్ లక్ష్యాన్ని ‘.డిఫాల్ట్_గోల్’తో విడిగా చెప్పాను, ప్రకటించని పేర్ల గురించి హెచ్చరించే ‘--వార్న్-అన్‌డిఫైన్డ్-వేరియబుల్స్’ను మొదటి పంక్తిలోనే, మేక్ ఎంపికలు ఉండే మేక్‌ఫ్లాగ్స్‌కు చేర్చాను. ఆదేశాలను నడపకుండా చూపించే ‘-ఎన్’తో తుడిచివేసే నియమాన్ని పరీక్షించగానే ఇంకో హెచ్చరిక వచ్చింది. బిల్డ్ ఫోల్డర్ పేరులో ఒక అక్షరం తప్పు రాశాను. ఖాళీ అయిన ఆ పేరు పక్కన ఉన్నది ‘/*’, అంటే కంప్యూటర్ మూల ఫోల్డర్‌లోని సమస్తం; దాని ముందున్నది, అడగకుండా తుడిచేసే ‘ఆర్‌ఎమ్ -ఆర్‌ఎఫ్’.